తప్పు ఎటు ఒరిగింది: ఒక నాణేల వేలం సంస్థతో పన్నెండేళ్లు

2013లో మొదటిసారి నాణేల వేలంలో పాట పాడాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఒకే సంస్థ దగ్గర 71 లాట్లు (లాట్ అంటే ఒకే పాటకు పెట్టే నాణెం, లేదా కొన్ని నాణేలు కలిపి) కొన్నాను, 12 నాణేలు అమ్మకానికి ఇచ్చాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది ఒకరి మీద ఫిర్యాదో, ఒకరికి ప్రచారమో అయిపోతుంది. మన దేశంలో పెద్ద నగరాల్లో ఉన్న నాణేల వేలం సంస్థలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి, ఈ అనుభవం ఎవరి దగ్గర కొనేవాళ్లకైనా పనికొస్తుంది.

నాది చిన్న సేకరణ. మా నాయనమ్మ చెక్కపెట్టెలో పదకొండు హాలీ సిక్కా రూపాయలు, అంటే నిజాం రాజ్యపు సొంత రూపాయలు, ఉండేవి. చెల్లుబాటు పోయాక కూడా ఆవిడ వాటిని మార్చలేదు, కరిగించలేదు. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ రూపాయల దగ్గర మొదలై, ఆసఫ్‌జాహీ నాణేలు, కొన్ని బ్రిటిష్ ఇండియా రూపాయలు, చేతిలో డబ్బున్న ఏడాది ఒకటీ అరా విజయనగర బంగారు వరహా, ఇంతే నా పరిధి. మొదట్లో గురువారం పూట హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో వెతికేవాణ్ణి. అక్కడ రామదర్బార్ బొమ్మతో '1818 ఈస్ట్ ఇండియా కంపెనీ' అని ఉన్న బిళ్లలు రాశులు పోసి అమ్మేవాళ్లు. కంపెనీ అలాంటి నాణేలు ఎప్పుడూ వేయలేదు. ఒకటి 300 పెట్టి కొన్నాక ఆ సంగతి తెలిసింది. అప్పుడే, కాస్త ఖర్చు ఎక్కువైనా వేలం సంస్థ దగ్గర కొందాం అనుకున్నాను.

ఖర్చు ఎక్కువే. పాట 12,000 దగ్గర ఆగితే మనం కట్టేది 12,000 కాదు. దాని మీద కొనుగోలుదారు కమిషన్, జీఎస్‌టీ, కొరియరు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి దాదాపు 15,000 అవుతుంది. ఇది నియమాల్లో స్పష్టంగా రాసి ఉంటుంది, దాచేదేమీ లేదు. కొత్తవాళ్లు పాట ఊపులో మర్చిపోతారు, అంతే. నేనూ మర్చిపోయాను, మొదటి బిల్లు చూసి మా ఆవిడ దగ్గర నోరు మెదపలేదు.

మొదటి దెబ్బ 2014లో తగిలింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయి. క్యాటలాగ్‌లో దాని గ్రేడ్, అంటే నాణెం ఎంత బాగుందో చెప్పే మెట్టు, 'ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్' (అరుగుదల చాలా తక్కువ) అని రాశారు. బొమ్మలో బాగా కనిపించింది. ఇంటికొచ్చాక కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తే నాణెం నిండా వెంట్రుకవాసి గీతలు. ఎవరో ఏళ్ల తరబడి దీపావళి లక్ష్మీపూజకు చింతపండు పెట్టి తోమిన రూపాయి అది. ఇలాంటివాటిని మా సేకర్తలం 'పూజ రూపాయి' అంటాం. ఫొటో బదులు నాణేన్ని స్కానర్ మీద బోర్లా పెట్టి తీసిన బొమ్మ వేశారు. ఆ పద్ధతిలో ఇలాంటి గీతలు సరిగా కనపడకపోవచ్చు. ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడి, "గ్రేడ్ అనేది అభిప్రాయం సార్, నాణెం నకిలీ అయితేనే వెనక్కి తీసుకుంటాం" అన్నారు. నియమాల్లో అదే ఉంది. ఆ రాత్రే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. క్యాటలాగ్‌లో ఏం రాశారు, చేతికి ఏం వచ్చింది, ఆ తేడా వల్ల ఎవరికి లాభం. మూడే గడులు.

పన్నెండేళ్లలో ఆ నోట్‌బుక్‌లో 14 తేడాలు చేరాయి. 71కి 14 అంటే ఎక్కువలా కనిపిస్తుంది గానీ, ఒక్కో వేలానికి వందల లాట్లు రాసేవాళ్లు ఒక్కో నాణెం మీద గడిపే సమయం నిమిషాల్లో ఉంటుంది. తప్పులు రావడం మామూలే. నాకు ఆసక్తి కలిగించింది వాటి సంఖ్య కాదు, మూడో గడి.

అయిదు తప్పులు అంకెలవి, బొమ్మలవి. హైదరాబాద్ రూపాయి 11.18 గ్రాముల దగ్గర తూగాలి. ఒకసారి 11.81 అని అచ్చయింది. బ్రిటిష్ రూపాయే 11.66 కదా, ఇదేమిటని మెయిల్ పెడితే గంటలో సరిచేసి, థ్యాంక్స్ చెప్పారు. ఇంకోసారి హిజ్రీ సంవత్సరం తప్పు పడింది, మరోసారి రెండు లాట్ల బొమ్మలు తారుమారయ్యాయి. ఈ అయిదింటిలో మూడు నాకు నష్టం, రెండు నాకు లాభం. చేయి జారితే ఇలాగే జారుతుంది, ఇటు కొంచెం, అటు కొంచెం.

మిగతా తొమ్మిది గ్రేడ్‌వి. తోమిన సంగతి రాయకపోవడం, నగలో అతికించినప్పటి టంకం ఆనవాలు రాయకుండా వదిలేయడం, అంచు దెబ్బ బొమ్మలో రాకుండా తిప్పి తీయడం. ఈ తొమ్మిదిలో ఎనిమిది సంస్థ వైపే ఒరిగాయి. అంకెల తప్పు రెండు వైపులా పోతున్నప్పుడు గ్రేడ్ తప్పు ఒకే వైపు పోతోందంటే, దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. ఎవరో కూర్చుని మోసం చేద్దామని పథకం వేశారని కూడా అనను. అమ్మేవాడి కంటికి తన సరుకు ఒక మెట్టు పైన కనిపిస్తుంది. కూరగాయల బండి దగ్గర కూడా అంతే కదా. కాకపోతే కూరగాయల బండివాడు 'నిపుణుల పరిశీలన' అని అచ్చు వేయడు.

ఇదే సంస్థ 2016లో చేసిన ఒక పని వల్ల నేను వాళ్లను వదల్లేదు. 1939 బొంబాయి టంకశాల రూపాయి ఒకటి వేలానికి పెట్టారు. ఆరో జార్జ్ రూపాయల్లో అందరూ వెతికేది అదే. బజారులోకి దాదాపుగా రాలేదు, అందుకే 1938 రూపాయి మీద చివరి 8ని చెక్కి 9 చేసే ఘనులున్నారు. క్యాటలాగ్ ముఖచిత్రం మీద ఆ నాణేన్నే వేశారు. వేలం రోజు పొద్దున హాల్లో, ఆ లాట్ అంకె మీద అనుమానం ఉంది, తీసేస్తున్నాం అని ప్రకటించారు. ముఖచిత్రం మీది నాణెం! వచ్చినవాళ్లలో సగం మంది దానికోసమే వచ్చారు. సంస్థకు ఆ రోజు పోయిన కమిషన్ ఎంతో లెక్క కట్టుకోవచ్చు. అలా తీసేయడానికి గట్టి గుండె కావాలి.

ఇక వరహా సంగతి. 2018లో కృష్ణదేవరాయల బాలకృష్ణ వరహా కొన్నాను. ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, రెండోవైపు మూడు వరుసల నాగరి లిపిలో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ'. తూకం 3.4 గ్రాముల దగ్గర సరిపోయింది, బంగారం సరిపోయింది. ఏడాదిన్నర దాటాక ఒక సాయంత్రం ఊరికే ఆ సంస్థ పాత వేలాల బొమ్మలు తిరగేస్తుంటే ఇంకో బాలకృష్ణ వరహా కనిపించింది. దాని మీద బాలకృష్ణుడి మోకాలి పక్కన చిన్న గాటు. నా దాని మీదా అక్కడే, అదే వంకరలో గాటు. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలకు బొమ్మ కలవచ్చు. చేతులు మారేటప్పుడు పడిన గాటు కలవదు. గాటు కలిసిందంటే ఒకదాన్ని చూసి పోత పోశారన్నమాట, లేదా రెండూ మూడోదాని పిల్లలు. భూతద్దం పెట్టి నా నాణెం అంచు చూశాను. అక్షరాల మూలలు కరిగిన బెల్లంలా మెత్తగా ఉన్నాయి. కొన్నప్పుడు అవి వాడకం వల్ల అరిగాయనుకున్నాను.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, గాటుకు ఎర్ర గీత చుట్టి పంపాను. వెనక్కి ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయింది. నాలుగు రోజులు జవాబు లేదు. ఆ నాలుగు రోజుల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అయిదో రోజు ఫోన్ చేసి నాణెం పంపమన్నారు. చూసి, పాట డబ్బు ఇస్తామన్నారు, కమిషన్ మాత్రం ఇవ్వలేమన్నారు. నకిలీ నాణెం అమ్మినందుకు కమిషన్ ఏమిటని ఒక ఉత్తరం రాశాను. నెల తర్వాత అదీ వచ్చింది. గడువు దాటినా డబ్బు వెనక్కి ఇవ్వడం మంచి విషయమే, కాదనను.

నాకు నచ్చనిది ఆ తర్వాత జరిగింది. ఆ రెండు వరహాల పేజీలూ వాళ్ల పాత వేలాల్లోంచి మాయమయ్యాయి. 'ఈ నాణెం నకిలీ అని తేలింది' అని ఒక్క వాక్యం రాసి ఉంచితే, మూడో పిల్ల చేతికొచ్చినవాడికి అదే దిక్కు అయ్యేది. నన్ను కాపాడింది ఆ పాత బొమ్మే కదా. తుడిచేయడంతో సంస్థ పరువు నిలిచింది, సాక్ష్యం పోయింది. ఈ వ్యాపారంలో పాత వేలం రికార్డు అనేది నాణెం జాతకం లాంటిది. జాతకం దిద్దితే ఏమవుతుందో లండన్‌లో అందరూ చూశారు. సీజర్ హత్య జ్ఞాపకార్థం బ్రూటస్ వేయించిన బంగారు నాణెం 2020 అక్టోబరులో అక్కడ 32 లక్షల పౌండ్లకు పైగా పలికింది. అది ఎక్కడినుంచి వచ్చిందో చూపిన కాగితాలు కల్పించినవని తేలి, 2023లో నాణెం గ్రీసుకు తిరిగి వెళ్లింది. వేలం వేసిన సంస్థ అధిపతి న్యూయార్క్‌లో అరెస్టయ్యాడు. అక్కడ నాణెం అసలుదే, కథే నకిలీ.

ప్రాక్సీ పాట గురించి కూడా చెప్పాలి. వేలానికి వెళ్లలేనివాళ్లు తమ గరిష్ఠ మొత్తం ముందే రాసి ఇస్తారు. ఎదుటివాడు ఆగిన చోట మన పాట ఒక మెట్టు పైన ఆగాలి. నేను ఇచ్చిన 19 ప్రాక్సీల్లో 8 సరిగ్గా నా గరిష్ఠం దగ్గరే ఆగి నాకు దక్కాయి. నాలాగే ఆలోచించే పోటీదారు ఎవరైనా ఉండవచ్చు, ఎనిమిదిసార్లూ ఉండవచ్చు. కానీ నేను ప్రాక్సీ మానేసి, వేలం రాత్రి ఫోన్ ముందు కూర్చుని స్వయంగా పాడటం మొదలుపెట్టాక అలా జరగడం తగ్గింది. రుజువు చేయగలిగేది కాదు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేదు. ప్రాక్సీ మాత్రం ఇక ఇవ్వను.

అమ్మినప్పటి అనుభవం వేరు. 2021లో 12 నాణేలు ఇచ్చాను. 45 రోజుల్లో డబ్బు అన్నారు, 70 రోజులకు వచ్చింది. అందులో ఒక అష్రఫీ, అంటే బంగారు నాణెం, ఉంది. నేను నిశ్చింతగా 'మంచి నాణెం' అని రాసి ఇచ్చాను. అది ఒకప్పుడు కాసులపేరులో ఉన్నదని, కొక్కెం తీసేసి అంచు నున్నగా రుద్దారని వాళ్లు పట్టుకుని, క్యాటలాగ్‌లో 'నగలోంచి తీసినది' అని రాశారు. ధర తగ్గింది. నేనే పదేళ్లు దాన్ని భూతద్దంలో చూశాను, నాకు కనపడలేదు! నా సరుకు నా కంటికి కూడా ఒక మెట్టు పైనే కనిపించిందన్నమాట. ఆ వివరం రాసింది 2019 ప్రాంతంలో చేరిన ఒక అమ్మాయి అని తర్వాత తెలిసింది. నా నోట్‌బుక్‌లోని తొమ్మిది గ్రేడ్ తప్పుల్లో రెండే 2019 తర్వాతవి. సంస్థ మారిందని అందరూ అంటుంటారు. నా లెక్కలో మారింది క్యాటలాగ్ రాసే మనిషి. ఆ అమ్మాయి వెళ్లిపోతే మళ్లీ చూసుకోవాలి.

చట్టం విషయంలో వీళ్లు గట్టిగా ఉంటారు. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు మహబూబ్ అలీ ఖాన్ రూపాయి ఒకటి అక్కడికి పంపమని అడిగితే, కుదరదని ముఖం మీదే చెప్పారు. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం దేశం దాటకూడదు. ఆ నూరేళ్ల గీత ఏటా ఒక ఏడాది ముందుకు జరుగుతుంటుంది, కొత్త సేకర్తలు ఇది మరచిపోతుంటారు. వాడికి కోపం వచ్చింది, బయట ఇంకెవరో పంపుతామన్నారట. నేను వద్దన్నాను.

మరో మాట. నాకు నాణేల పిచ్చి ఉందని తెలిసి చుట్టాలు ఫోన్ చేస్తుంటారు. వైష్ణోదేవి అయిదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామన్నారు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారు, కట్టమంటావా అని. రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో తన పేరు చెప్పి పాత నాణేలకు ఫీజులు అడిగేవాళ్లను నమ్మవద్దని ప్రకటన ఇచ్చింది. వేలం సంస్థల తప్పుల గురించి ఇంత రాశాను గానీ, అది వేరే లోకం. అక్కడ నాణెమే లేదు.

నాకు లాభమైన తప్పులు కూడా నోట్‌బుక్‌లో ఉన్నాయి. 2017లో ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయలు అయిదు కలిపి ఒక లాట్‌గా, మామూలు హిజ్రీ 1330 అని పెట్టారు. బొమ్మ పెద్దది చేసి చూస్తే ఒకటి 1329. చార్మినార్ ద్వారంలో అరబ్బీ 'ఐన్' అక్షరం సగమే ఉన్న తొలి రకం. వాళ్లకు చెప్పలేదు. మామూలు ధరకు పాడి తెచ్చుకున్నాను. చదివి సంపాదించిన జ్ఞానానికి అది కూలి అని మా సేకర్తలందరం అనుకుంటాం. 2022లో ఒక ప్యాకెట్‌లో నా నాణెంతో పాటు వేరే ఎవరిదో బంగారు మోహరు వచ్చింది. అదే రోజు ఫోన్ చేసి, నా ఖర్చుతో ఇన్సూరెన్సు కట్టి తిప్పి పంపాను. గర్వంగా మా ఆవిడకు చెప్పాను.

"మరి ఆ రూపాయి సంగతి ఎందుకు చెప్పలేదు?" అంది.

అది వేరు, ఇది వేరు అని వివరించబోయాను. ఆవిడ నోట్‌బుక్ తీసుకుని మూడో గడిలో వేలు పెట్టి, "ఇక్కడ నీ తప్పులు ఎటు ఒరిగాయో రాశావా?" అని అడిగి వంటింట్లోకి వెళ్లిపోయింది.

వచ్చే నెల వేలంలో రెండు లాట్లు గుర్తు పెట్టుకున్నాను. రెండింటికీ అంచు ఫొటోలు పంపమని అడిగాను. పంపారు. ఒకదాని అంచు మీద టంకం మచ్చ ఉంది, క్యాటలాగ్‌లో కూడా ఆ మాట రాసే ఉంది.