గాలం తీయాలా, తంగూసు కోయాలా? వదిలే చేపకు ఏది మేలు

గాలంతో పట్టి మళ్లీ నీళ్లలోకి వదిలిన చేప తోక ఒక్కసారి విదిల్చి లోతుకు జారిపోతే మన మనసు తేలికపడుతుంది. కానీ ఆ విదిలింపును నమ్మడానికి లేదు. మొప్ప దెబ్బతిన్న చేప కూడా అలాగే వెళ్తుంది. చచ్చేది కొన్ని గంటలాగి, మన కంటికి ఆనని చోట. కాబట్టి చూసుకోవాల్సింది అది వెళ్లిన తీరు కాదు, అంతకుముందు మన చేతులు చేసిన పని. ఆ పనిలో అడుగడుగునా రెండు దారులుంటాయి. కొన్నిచోట్ల ఏ దారైనా పెద్ద తేడా లేదు, కొన్నిచోట్ల మాత్రం దాని ప్రాణమే తేలిపోతుంది.

మొదటిది, గాలం నీళ్లలోనే విప్పాలా, పైకెత్తి విప్పాలా? పైకెత్తితే మనకు సుఖం, గాలం బాగా కనబడుతుంది. చేపకు మాత్రం ఊపిరి ఆగిపోతుంది. మొప్ప అంటే పల్చటి రేకుల దొంతర. నీళ్లలో విడివిడిగా ఉండే ఆ రేకులు గాల్లోకి రాగానే తడి వెంట్రుకల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. 1992లో అచ్చయిన ఒక పరిశోధనలో రెయిన్‌బో ట్రౌట్ చేపలను అలిసేదాకా తరిమి చూశారు. గాలి తగలనివ్వని వాటిలో 12 శాతం, 30 సెకన్లు గాల్లో ఉంచిన వాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచిన వాటిలో 72 శాతం చనిపోయాయి. అవి తొట్టెలో ఉంచినవి, రక్తం తీయడానికి గొట్టాలు అమర్చినవి. కాబట్టి ఆ అంకెలను యథాతథంగా ప్రతి చెరువుకూ, ప్రతి చేపకూ అంటగట్టలేం. కానీ అర నిమిషానికీ నిమిషానికీ మధ్య ఉన్న తేడా చూడండి. మనం ఫోన్ కోసం జేబు తడుముకునేది ఆ అర నిమిషంలోనే.

కనుక నా ఓటు నీళ్లలోనే విప్పడానికి. ఒడ్డు ఎత్తుగా ఉన్నా, చేప జెల్ల జాతిదై రెక్కల్లో ముళ్లున్నా చేతివలలోకి తీసుకుని, ఆ వలను నీళ్లలోనే ఉంచి పని కానివ్వొచ్చు. ఫొటో కావాలంటే ముందు కెమెరా సిద్ధం చేసుకుని, అప్పుడు చేపను రెండు మూడు సెకన్లు ఎత్తితే చాలు. కొర్రమీను లాంటివి గాలి పీల్చగలవు కదా అనొచ్చు, నిజమే. కానీ వాటి ఒంటి జిగురు మాత్రం అన్ని చేపల జిగురు లాంటిదే. బూజునూ సూక్ష్మక్రిములనూ ఆపే పొర అది. పొడి చేతికి, పొడి గుడ్డకు, ఎండకు కాగిన బండకు అది అంటుకుని వచ్చేస్తుంది. చేతులు తడుపుకోండి, అంతకుమించి చర్చ లేదు. వలలోనూ అంతే. ముడులున్న నైలాన్ వల రెక్కలను చీలుస్తుంది, పొలుసును గీకుతుంది. రబ్బరు పూతది మేలు. ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకో చెయ్యి పొట్ట కింద. దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే ఒళ్లంతటి బరువూ ఆ ఒక్క కీలు మీదే పడుతుంది. చేప ఎంత పెద్దదైతే అంత చేటు.

ఇక అసలు చిక్కు, గాలం మింగేసిన చేప. గాలం పట్టిన తొలిరోజుల్లో నేను ప్లయర్ గొంతులోకి దూర్చి, తిప్పి, మెలిపెట్టి ఎలాగైనా తీసేవాణ్ణి. లోపల ఇనుము వదిలేయడం పాపమనిపించేది. తీశాక చేతికి అంటిన నెత్తురు చూసి కూడా చాన్నాళ్లు బుద్ధి రాలేదు. చేప గొంతుకు రెండు పక్కలా మొప్పలు, వాటి వెనక కాస్త కిందుగా గుండె. అక్కడ ఒక్క లాగుడు తప్పితే అంతే సంగతులు. గాలం దగ్గరగా తంగూసు, అంటే గాలానికి కట్టిన దారం, కోసి వదిలేసిన చేపలే ఎక్కువగా బతుకుతాయని పరిశోధనలు మళ్లీ మళ్లీ తేల్చాయి. వదిలేసిన గాలాన్ని కొన్ని చేపలు కక్కేస్తాయి, కొన్నింటిలో అది తుప్పు పట్టి అరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది త్వరగా అరగదు, కాబట్టి వదిలే ఉద్దేశం ఉన్నవాళ్లు దాన్ని వాడకపోవడమే మంచిది. పెదవిలోనో దవడలోనో కనబడుతూ ఉంటే తీయండి, గొంతు దాటితే కోయండి. ఈ గీత విషయంలో నాకిప్పుడు అనుమానం లేదు.

మింగకుండా చూసుకునే దారీ ఉంది. మామూలు గాలం బదులు, మొన లోపలికి తిరిగి ఉండే గుండ్రటి సర్కిల్ గాలం వాడితే, చేప ఎర నోట పెట్టుకుని పక్కకు మళ్లేటప్పుడు అది గొంతులోంచి జారి దవడ మూలన తగులుకుంటుంది. షరతు ఒక్కటే, కాటు తగలగానే గట్టిగా గుంజకూడదు. ఆ అలవాటు మానలేనివాళ్లకు ఈ గాలం దండగ. గాలం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లును ప్లయర్‌తో నొక్కేయడం ఇంకో పద్ధతి. చేపలు తప్పించుకుపోతాయని భయపడతారు గానీ, తంగూసు వదులు కాకుండా చూసుకుంటే అంతగా పోవు, విప్పడం మాత్రం చిటికెలో పని. ఎరతో పట్టేవాళ్లు ముందు సర్కిల్ గాలం చూడండి, కృత్రిమ ఎరలు విసిరేవాళ్లు ముందు ఎదురుముల్లు నొక్కండి.

వేడి సంగతి కొద్దిగా. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరే. అలిసిన చేపకు ఎక్కువ ఊపిరి కావాల్సినప్పుడే నీళ్లలో తక్కువ దొరుకుతుందన్నమాట. అలాంటప్పుడు సన్న తంగూసుతో చాలాసేపు ఆడించడం కన్నా గట్టిదానితో త్వరగా దగ్గరికి తెచ్చుకోవడం నయం.

సముద్రంలో లోతు నుంచి లాగిన చేపది వేరే బాధ. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం తగ్గుతూ వస్తుంది, లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. నోట్లోంచి బయటికి తోసుకొచ్చేది దాని పొట్ట. గాలితిత్తి అనుకుని దాన్ని గుచ్చేవాళ్లున్నారు, అది దారుణం. పక్కనుంచి సూదితో గాలి తీసే పద్ధతి ఉంది గానీ దానికి చేయి తిరగాలి. బరువు కట్టిన సాధనంతో చేపను మళ్లీ లోతుకు దింపి విడవడం చాలామందికి సులువు. నీటి ఒత్తిడే ఆ గాలిని మళ్లీ కుదిస్తుంది.

చివరగా, వదిలేటప్పుడు చేపను ముందుకూ వెనక్కీ ఊపుతారు కదా, వెనక్కి లాగితే నీళ్లు మొప్పల్లోకి ఎదురుదారిలో పోతాయి. నీటి పారుదలకు ఎదురుగా మూతి పెట్టి, కదలకుండా పట్టుకుంటే చాలు. తనంతట తాను తోక ఆడించగానే చెయ్యి తీసేయండి. పక్కకు ఒరిగితే మళ్లీ పట్టుకోండి. మొప్పల్లోంచి నెత్తురు ధారగా కారుతున్న చేపను ఎంతసేపు పట్టుకున్నా లాభం ఉండదు. ఉంచుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటే దాన్ని వదలడం కన్నా అక్కడికక్కడే తలమీద ఒక్క దెబ్బతో ముగించడం నయమని నేననుకుంటాను. ఒప్పుకోకపోతే వదలక తప్పదు.