స్నానాల గదిలో టబ్బు ఉండాలా, షవర్ చాలా?

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తున ఉన్న మా ఫ్లాట్‌లో పెద్ద స్నానాల గదిని పూర్తిగా పగలగొట్టి తిరిగి కట్టించవలసి వచ్చింది. మొదటి రోజే ప్లంబర్ సుద్దముక్కతో నేల మీద ఐదడుగుల పొడవున, రెండున్నర అడుగుల వెడల్పున ఒక గడి గీసి, "టబ్బు పెడితే ఇంత జాగా పోతుంది సార్, ఒకసారి నిలబడి చూసుకోండి" అన్నాడు. అది ఎనిమిదడుగులకు ఐదడుగుల గది. 40 చదరపు అడుగులలో పన్నెండున్నర ఆ గీతల లోపలికి వెళ్లిపోగా, కమోడ్‌కు, వాష్‌బేసిన్‌కు, తలుపు తెరుచుకోవడానికి పోను మిగిలిన చోట పీట వేసుకుని కూర్చోవడానికి కూడా వీలుండదని అక్కడ నిలబడగానే అర్థమైంది. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా బడిలో నిలబడి పాఠాలు చెబుతున్నది. సాయంత్రానికి బరువెక్కే కాళ్లను వేడినీళ్లలో చాపుకుని అరగంట సేదతీరాలన్నది ఆమె చిరకాల కోరిక. 78 ఏళ్ల మా అమ్మకు పీట, బకెట్, చెంబు ఉంటే చాలు. కాలేజీకి వెళ్లే అబ్బాయికి షవర్ ఉంటే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ముగ్గురి అవసరాలూ నిజమైనవే కాబట్టి వారం రోజులు పని ఆపించి లెక్కలు వేశాను. తెలిసిన ఇంజనీరును, ఇదివరకే టబ్బులు పెట్టించుకున్న రెండు మూడు ఇళ్లవారిని అడిగి తెలుసుకున్నాను. ఇదే ప్రశ్నతో ఉన్నవారికి ఆ లెక్కలు పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. టబ్బు, షవర్ ఒకే పనికి ఉన్న రెండు పరికరాలు కావు. మనం "నీళ్లు పోసుకున్నావా?" అని అడుగుతాం, తలస్నానాన్ని "తలంటి పోసుకోవడం" అంటాం. గంగాళంలో కాగిన నీళ్లను చెంబుతో తీసి ఒంటి మీద పోసుకుంటే, ఒంటి మురికి, నూనె, సున్నిపిండి కిందికి జారి జాలీలోకి పోతాయి. ఒంటిని ఒకసారి తాకిన నీరు మళ్లీ తాకదు. షవర్ చేసేదీ ఇదే పని, చెంబు ఎత్తే శ్రమ లేకుండా. టబ్బులో నిలిచిన నీరు మాత్రం మనిషి లేచేదాకా అక్కడే ఉంటుంది. సబ్బు నురుగు, మురికి అందులోనే ఉంటాయి. జపాన్‌లో ఇంటింటా స్నానపు తొట్టి ఉంటుంది గానీ, అక్కడివారు తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా కడుక్కున్న తరువాతే తొట్టిలోకి దిగుతారు. ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు అదే నీళ్లలో కూర్చుంటారు కనుక ఆ నియమాన్ని గట్టిగా పాటిస్తారు. అంటే తొట్టి సేదతీరడానికి, నీళ్లు పోసుకునే చోటు శుభ్రపడడానికి. టబ్బు పెట్టినంత మాత్రాన షవర్ అవసరం తీరదు. మన ముందున్న అసలు ప్రశ్న, షవర్‌తో పాటు టబ్బును కూడా భరించగలమా అన్నదే.

నీటి లెక్క చూద్దాం. ఐదడుగుల మామూలు టబ్బులో మనిషి కూర్చుంటే ఛాతీ దాకా రావడానికి సుమారు 150 లీటర్లు కావాలి. పెద్ద టబ్బులకు 200 లీటర్లు దాటుతుంది. మన దేశంలో పట్టణాల నీటి పథకాలు రూపొందించేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటారు. తాగడం, వంట, బట్టలు, అంట్లు, ఫ్లష్ అన్నీ అందులోనే రావాలి. ఒక్క టబ్బు స్నానానికి ఆ మొత్తం చాలదు. గ్రేటర్ హైదరాబాద్‌లో 2020 డిసెంబర్ నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం అమలులోకి వచ్చింది. ఇంట్లో ఒక్కరు రోజూ టబ్బు నింపుకుంటే అందులో 4,500 లీటర్లు వారి స్నానానికే పోతాయి. వేసవిలో బోరు ఎండిపోయి 5,000 లీటర్ల ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ అంతా ఎదురుచూసిన రోజులు తెలిసినవారికి ఆ అంకె బరువు వేరే చెప్పనక్కరలేదు. అయితే న్యాయంగా చెప్పాలంటే, వారానికి రెండుసార్లు మాత్రమే వాడితే నెలకు 1,200 లీటర్లే అవుతాయి. సొంత బావో, నమ్మకమైన బోరో ఉన్న ఇంటికి ఇది పెద్ద లెక్క కాదు.

షవర్ అంటేనే నీటి పొదుపు అనుకోవడం కూడా పొరపాటే. పళ్లెమంత వెడల్పుతో పైకప్పు నుంచి వానలా కురిసే షవర్లు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి; వాటిలో నిమిషానికి 15 లీటర్లు, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువే వస్తాయి. దాని కింద పది నిమిషాలు నిలబడితే టబ్బు నీళ్లన్నీ ఖర్చయినట్టే. గాలిని కలిపి ధారను నిండుగా చేసే రకం షవర్లు నిమిషానికి 8 లీటర్లతో సరిపెడతాయి. సబ్బు రుద్దుకునేటప్పుడు కట్టేసి, మొత్తం ఆరు నిమిషాలు వాడితే 48 లీటర్లు. రెండు బకెట్ల నీళ్లతో స్నానం ముగించే మా అమ్మ ఖర్చు 36 లీటర్లు. పొదుపులో బకెట్‌ను మించినది ఇప్పటికీ లేదు. ఎన్ని నీళ్లున్నాయో కళ్లకు కనిపిస్తుంటాయి కాబట్టి మనిషి ఆ మేరకే వాడతాడు.

చాలామంది టబ్బు కొన్న తరువాతే గమనించేది గీజర్ సంగతి. మన ఇళ్లలో సాధారణంగా ఉండేది 25 లీటర్ల గీజర్. అందులోని 60 డిగ్రీల నీటిని 25 డిగ్రీల కుళాయి నీటితో కలిపితే, ఒంటికి హాయినిచ్చే 40 డిగ్రీల నీరు సుమారు 58 లీటర్లు తయారవుతుంది. షవర్ స్నానానికి ఇది చక్కగా సరిపోతుంది. 150 లీటర్ల టబ్బుకు మాత్రం గీజర్ రెండున్నరసార్లు కాగాలి. 2 కిలోవాట్ల గీజర్‌కు ఒక్కో కాగుకు అరగంట పడుతుంది కాబట్టి, చివరి నీళ్లు వచ్చేసరికి ముందు పోసినవి చల్లారిపోతాయి. నేను అడిగిన ఒక ఇంట్లో, కొత్తలో వారం రోజులు టబ్బులోకి దిగి, గోరువెచ్చని నీళ్లలో వణకలేక మానుకున్నామని చెప్పారు. ఆ టబ్బులో ఇప్పుడు నీళ్లు రాని రోజుల కోసం నింపి పెట్టుకున్న బకెట్లు వరుసగా ఉన్నాయి. టబ్బు నిజంగా వాడుకోవాలంటే 70 నుంచి 100 లీటర్ల గీజర్ గానీ, ఆ మేరకు మేడ మీద సోలార్ హీటర్ గానీ ఉండాలి. కరెంటు విషయానికి వస్తే, ఒక టబ్బు నీళ్లు కాగడానికి రెండున్నర యూనిట్లు, 50 లీటర్ల షవర్‌కు యూనిట్ కంటే కొంచెం తక్కువ, బకెట్‌కు యూనిట్‌లో మూడో వంతు పడుతుంది.

షవర్‌కూ దాని ఇబ్బందులు ఉన్నాయి. మేడ మీది ట్యాంకు నుంచి నీరు దిగే ఎత్తును బట్టే ధార బలం ఉంటుంది. పది మీటర్ల ఎత్తు ఉంటేనే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మాలాంటి పై అంతస్తు ఫ్లాట్‌లో ట్యాంకు అడుగుకూ షవర్‌కూ మధ్య మూడు మీటర్లు కూడా ఉండదు కాబట్టి, చిన్న ప్రెషర్ పంపు పెట్టించకపోతే వాన షవర్ నుంచి చినుకులే రాలతాయి. ఇక బోరు నీళ్లలోని సున్నం షవర్ రంధ్రాలలో పేరుకుని, ధార పక్కలకు చెదిరిపోతుంది. మెత్తటి రబ్బరు మొనలున్న షవర్ తీసుకుని, వారానికొకసారి వేలితో రుద్దుతూ, నెలకొకసారి వెనిగర్‌లో నానబెడితే ఆ బాధ తప్పుతుంది.

నా నిర్ణయాన్ని మలుపు తిప్పింది నీళ్లు, కరెంటు కాదు, అమ్మ మోకాళ్లు. మూడేళ్ల కిందట చెల్లెలి ఇంటికి డాలస్ వెళ్లినప్పుడు అక్కడి స్నానాల గదిలో టబ్బూ, దాని మీదే షవరూ ఉండేవి. అమెరికాలో చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. టబ్బు బయట నేల మీద నీళ్లు పోవడానికి జాలీ ఉండదు, చెక్క మీద పరిచిన నేల తడిస్తే పాడవుతుంది. అందుకే అక్కడి తెలుగు ఇళ్లలో బకెట్, మగ్గు కూడా టబ్బులోనే కనిపిస్తాయి. మొదటి రోజు అమ్మ ఎడమ చేత్తో గోడ పట్టుకుని, కుడికాలు ఎత్తి, అడుగు పైనే ఎత్తున్న ఆ అంచు దాటించి లోపల పెట్టింది. ఆ నున్నటి తెల్లటి అడుగు మీద ఆమె పాదం కొద్దిగా జారింది. రెండో కాలు ఎత్తలేక, దించలేక, అంచుకు అటొక కాలు ఇటొక కాలుగా నిలబడి, కేక వేయడానికి కూడా భయపడి, "ఒరే, ఇలా రా" అని మెల్లగా పిలిచింది. పడలేదు. కానీ ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మేము మా పెద్దమ్మ విషయంలో చూసి ఉన్నాం. మర్నాడే చెల్లెలు గోడకు పట్టుకమ్మీ బిగించి, అంచుకు అటూ ఇటూ కాళ్లు ఆనే బెంచీ తెచ్చి పెట్టింది. దాని మీద కూర్చుని జరుగుతూ లోపలికి వెళ్లడం అమ్మ నేర్చుకుంది. అమెరికాలో ఉన్నవారు తల్లిదండ్రులను పిలిపించుకునే ముందే ఈ రెండూ అమర్చుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. తలుపు ఉన్న టబ్బులు కూడా దొరుకుతాయి గానీ, లోపల కూర్చుని తలుపు వేసుకున్నాకే నీళ్లు నింపాలి, నీళ్లన్నీ పోయాకే తలుపు తీయాలి. చలిలో తడి ఒంటితో అంతసేపు కూర్చోవడం వృద్ధులకు మంచిది కాదు.

టబ్బు వల్ల మేలు లేదని అనను. రోజంతా నిలబడే ఉద్యోగాలు చేసేవారికి, నడుము పట్టేసేవారికి వేడినీటిలో మునిగి కూర్చుంటే వచ్చే హాయి షవర్ ఇవ్వలేదు. నీళ్లంటే ఏడ్చే పసివాళ్లు టబ్బులో బొమ్మలతో ఆడుకుంటూ స్నానం చేయించుకుంటారు. అయితే నాలుగు వేళ్ల లోతు నీటిలో కూడా పసిబిడ్డ మునిగే ప్రమాదం ఉంది కాబట్టి ఒక్క నిమిషమైనా వదిలి వెళ్లకూడదు. నిండు బకెట్‌కూ ఇదే జాగ్రత్త అవసరం. పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు వేడినీళ్ల స్నానం చేస్తే నిద్ర త్వరగా పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి గానీ, ఆ మేలు షవర్‌తోనూ దక్కుతుంది. మొలలకో, కాన్పు తరువాతో వేడినీళ్లలో కూర్చోమని డాక్టర్లు చెప్పినప్పుడు వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ సరిపోతుంది. దానికోసం టబ్బు కొనవలసిన పని లేదు.

భారం గురించి ఇంజనీరును అడిగాను. నివాస గృహాల స్నానాల గదులకు చదరపు మీటరుకు 200 కిలోల భారం లెక్కన స్లాబు వేస్తారు. అక్రిలిక్ టబ్బు, నీళ్లు, మనిషి కలిపి 260 కిలోల దాకా ఉంటాయి. అది స్లాబంతటి మీదికీ పంచుకుపోతుంది కాబట్టి గట్టి స్లాబుకు భయం లేదని, పోత ఇనుము, రాతి టబ్బులకు మాత్రం తప్పకుండా చూపించుకోవాలని ఆయన చెప్పారు. లీకేజీ అంతకన్నా పెద్ద చిక్కు. టబ్బు కింద పైపు కారితే మన కంటికి కనిపించదు, కింది ఇంటివారి కప్పు మీద తేమ మచ్చ కనిపించేదాకా తెలియదు. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు మధ్య మాటలు ఆగిపోయేది ఇలాంటి మచ్చల వల్లే. టబ్బు కట్టించుకునేవారు పక్కన తీసి చూసుకునే మూత పెట్టించుకోవడం మరిచిపోకూడదు.

వీటన్నిటినీ తూచి చూసి మేము షవర్ వైపే వచ్చాం, అయితే కేవలం షవర్ కాదు. గుమ్మం దగ్గర గట్టు లేకుండా నేలంతా ఒకే మట్టంలో పరిపించి, జాలీ వైపు అడుగుకు పావు అంగుళం వాలు ఇప్పించాం. గరుకు టైల్స్ వేయించాం. పైకీ కిందికీ జరిగే కమ్మీకి హ్యాండ్ షవర్ తగిలించాం. కూర్చున్న మనిషికీ నిలబడిన మనిషికీ అది అందుతుంది. గోడకు 18 అంగుళాల ఎత్తున మడత సీటు, 34 అంగుళాల ఎత్తున పట్టుకమ్మీ, దాని పక్కనే బకెట్ పట్టేంత ఎత్తులో వేడి, చల్లటి కుళాయిలు ఉన్నాయి. ఆ కుళాయిలను తీసేద్దామని ప్లంబర్ అన్నాడు గానీ ఒప్పుకోలేదు. నీళ్లు తక్కువైన రోజున, పంపు చెడిన రోజున, తలంటు రోజున ఇంటిని నడిపించేవి అవే. ఇప్పుడు శనివారాలు అమ్మ సీటు మీద కూర్చుని, గిన్నెలోని కుంకుడుకాయ పులుసు తలకు పట్టించుకుంటుంది. పది చెంబులు పోసినా జుట్టు వదలని కుంకుడు తుక్కు హ్యాండ్ షవర్ ధారకు ఇట్టే వదిలిపోతోందని సంతోషిస్తుంది. మిగతా స్నానమంతా చెంబుతోనే.

మా ఆవిడ కోరిక మాత్రం ఇంకా తీరలేదు. సాయంత్రాలు మోకాళ్ల దాకా వచ్చే లోతైన బేసిన్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చుంటున్నది; కొంత ఊరట ఉంది, మునిగి కూర్చున్నంత కాదు. రెండేళ్లలో ఊళ్లో మా పాత ఇంటి స్థలంలో కట్టబోయే ఇంటికి గీయించిన పటంలో, కింది అంతస్తున, వేసవిలోనూ ఎండని మా బావికి దగ్గరగా, ఆమె టబ్బుకు ఆరడుగుల చోటు వదిలించాను. దాని పక్కనే, టబ్బులోకి దిగే ముందు ఒళ్లు కడుక్కోవడానికి, పీట వేసుకుని నీళ్లు పోసుకునే చోటు కూడా ఉంది.