వైజాగ్ పిల్లలకి ఐస్ హాకీ: చక్రాలా, ప్లాస్టిక్ ఐసా, డెహ్రాడూనా... ఏది మేలు?

వైజాగ్‌లో ఐస్ అంటే ఫిషింగ్ హార్బర్‌లో చేపల మీద పోసేదే కదండీ, దాని మీద హాకీ ఏంటి అని నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. 2025లో మన దేశ అమ్మాయిల ఐస్ హాకీ జట్టు యూఏఈలో ఆసియా కప్ ఆడి కంచు పతకం తెచ్చిన దగ్గర్నుంచి, సాయంత్రం పూట స్కేటింగ్ రింక్ గట్టు మీద కూర్చునే అమ్మానాన్నలు ఈ మాట కాస్త సీరియస్‌గానే అడుగుతున్నారు. మావాడు స్కేటింగ్ బాగానే చేస్తున్నాడు, ఐస్ హాకీలోకి పంపాలంటే ఇలా చక్రాల మీదే కొనసాగించమంటారా, ఆ ప్లాస్టిక్ ఐస్ పలకలేవో వస్తున్నాయట అవి కొనమంటారా, లేక డబ్బు దాచి అసలు ఐస్ ఉండే డెహ్రాడూనో లేహో పంపమంటారా అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టుకుందురు గాని. పన్నెండేళ్ల లోపు పిల్లలకి, మామూలు జీతాల మీద నడిచే ఇళ్లలో అయితే, డబ్బూ టైమూ ముందు చక్రాల మీద పెట్టాలి. పక్ పని, అంటే ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బర్ బిళ్లని స్టిక్‌తో ఆడించడం, ఇంట్లో, స్కేట్లు లేకుండా, విడిగా జరగాలి. అసలు ఐస్ ఎలాగూ తప్పదు, కానీ అది ఈ రెండూ ఒక దారికి వచ్చాకే. ప్లాస్టిక్ ఐస్ ఒక్కదాని మీదే నాకు అనుమానం.

చక్రాలు అన్నానని ఏ చక్రాలైనా సరే అనుకోకండి. మన దగ్గర చాలామంది పిల్లలు క్వాడ్‌తో మొదలుపెడతారు, అంటే ముందు రెండు, వెనక రెండు చక్రాలుండేవి. బంతితో ఆడే రోలర్ హాకీ కూడా వాటి మీదే. ఆ ఆటకి నేనేం వంక పెట్టను, కానీ మనసులో ఐస్ ఉంటే మాత్రం ఒకే వరసలో చక్రాలుండే ఇన్‌లైన్‌కి తొందరగా మారిపోవాలి. క్వాడ్ మీద కాలు పీట మీద నిలబడ్డట్టు నిలబడుతుంది, పాదాన్ని లోపలికో బయటికో వాల్చి ఒక అంచు మీద ఒళ్లంతా మోపడం దానికి అలవాటు కాదు. ఐస్ మీద పనంతా ఆ అంచుతోనే.

ఇన్‌లైన్‌లో మళ్లీ స్పీడ్‌వి వేరు, హాకీవి వేరు. స్పీడ్ స్కేట్లకి పెద్ద పెద్ద చక్రాలు, చీలమండ కిందే ఆగిపోయే పొట్టి బూటు. హాకీ వాటికి నాలుగు చిన్న చక్రాలు, 72 నుంచి 80 మిల్లీమీటర్లవి, చీలమండ పైదాకా గట్టి బూటు. షాపులో అడిగితే 'అందరూ ఇవే తీసుకుంటున్నారు సార్' అని స్పీడ్‌వి చేతిలో పెడతారు, ఎందుకంటే వాళ్ల దగ్గర స్టాక్ ఉండేవి అవే. ఇక మన ఇళ్లలో ఉన్న పెద్ద జబ్బు 'ఎదిగే పిల్లాడు కదా' అని రెండు సైజులు పెద్దవి కొనడం. స్కూలు బూట్లకి అది చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. హాకీ స్కేటు మామూలు షూ సైజు కంటే ఒకటో ఒకటిన్నరో తక్కువే సరిపోతుంది, వేళ్లు ముందు తాకీ తాకనట్టుండాలి, మడమ లోపల అస్సలు కదలకూడదు. మడమ ఊగే బూటులో పిల్లాడు ఎన్నేళ్లు తిరిగినా కాలి బలం చీలమండ దగ్గరే కారిపోతుంది, చూసేవాళ్లు మాత్రం వీడికి బ్యాలెన్స్ లేదంటారు.

సరే, మంచి ఇన్‌లైన్ కొన్నారు. అందులోంచి ఐస్ మీదికి ఏం వెళ్తుంది? మోకాళ్లు వంచి కిందికి కూర్చున్నట్టు ఉండటం, కాలిని వెనక్కి కాకుండా పక్కకి తోయడం, మలుపులో ఒక కాలు మీదుగా ఇంకో కాలు వేసే క్రాసోవర్, వెనక్కి వెళ్లడం, ముందు నుంచి వెనక్కి తిరగడం, ఇవన్నీ కొద్దిపాటి సర్దుబాటుతో వెళ్లిపోతాయి. వెళ్లనిది ఆగడం. ఐస్ స్కేటు బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు, కింద మధ్యలో సన్నటి గాడి తీసి ఉంటుంది కాబట్టి దానికి లోపలి అంచు, బయటి అంచు అని రెండుంటాయి. ఆగాలంటే రెండు పాదాలూ ఒక్కసారి అడ్డంగా తిప్పి, బరువు తగ్గించి, ఆ అంచుతో ఐస్ పై పొరని గీరాలి. రబ్బర్ లాంటి చక్రం అలా గీరదు, నేలని పట్టేసుకుంటుంది. అందుకే ఇన్‌లైన్‌లో ఆరితేరిన పిల్లాణ్ని మొదటిసారి ఐస్ మీదికి వదిలితే చూడముచ్చటగా ఉంటుంది. రెండు తోపుల్లో రింక్ సగం దాటేస్తాడు, మలుపు కూడా బాగానే తిరుగుతాడు, గోడ దగ్గరపడేసరికి అలవాటు కొద్దీ వెనక కాలు అడ్డంగా ఈడుస్తాడు, బ్లేడు జారిపోతుంది, వెళ్లి బోర్డుకి గుద్దుకుంటాడు. లేచి మనవైపు చూసి నవ్వుతాడు, పిల్లలకేం.

చక్రాలకి మన ఊరు పెట్టే కష్టాలు వేరే. పొద్దున్నే సముద్రం తేమకి సిమెంటు నేల చెమ్మగా ఉంటుంది, అప్పుడు క్రాసోవర్లు చేయిస్తే పడటం ఖాయం, కాస్త ఎండ తగిలేదాకా నెమ్మదిగా సాగే పనులే చేయించాలి. బీచ్ రోడ్డులో పొద్దున పూట బండ్లు ఆపేస్తారు కదా అని పిల్లల్ని అక్కడ తిప్పేవాళ్లున్నారు, తిప్పడానికి బాగానే ఉంటుంది గానీ ఇసుక నేరుగా బేరింగుల్లోకి పోతుంది. ఉప్పుగాలి సంగతి సరేసరి. చక్రం చేత్తో తిప్పితే గరగరమని రెండు చుట్లు తిరిగి ఆగిపోతోందంటే బేరింగు తుప్పు పట్టిందని అర్థం, పిల్లాడికి కాళ్లు నొప్పులంటే హెల్త్ డ్రింకు కలిపే ముందు అది చూడండి. వాడిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు ఊడదీసి నూనె చుక్క వేస్తే చాలు.

ఇప్పుడు ప్లాస్టిక్ ఐస్. ఇవి గట్టి పాలిథిలీన్ పలకలు, పజిల్ ముక్కల్లా ఒకదానికొకటి తగిలించి నేల మీద పరుస్తారు, పైన నిజం ఐస్ స్కేట్లే వేసుకుని తిరగొచ్చు. వినడానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ దాని మీద రాపిడి ఐస్ కంటే ఎక్కువ, ఒక తోపుకి సాగాల్సినంత దూరం సాగదు, పిల్లలు ఆ సాగుడు లేక పొట్టి పొట్టి అడుగులేసి పరిగెత్తడం మొదలుపెడతారు. బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది, మన ఊళ్లో హాకీ బ్లేడు సరిగ్గా గ్రైండింగ్ చేసే మనిషి కోసం వెతుక్కోవాలి. కాసేపటికి తెల్లటి ప్లాస్టిక్ పొట్టు లేచి సాక్సులకీ ప్యాంటుకీ అంటుకుంటుంది. డాబా మీద పరుద్దామంటే ఎండకి ప్లాస్టిక్ సాగి అతుకుల దగ్గర ఎత్తు లేస్తుంది, మన మే నెల ఎండ సంగతి చెప్పాలా. అయితే ఒక్క విషయంలో ఇది చక్రాల కంటే నయం: అంచు మీద బరువు మోపడం, అడ్డంగా తిప్పి ఆగడం, ఈ రెండూ ఇక్కడ కొంతవరకు అలవాటు చేయొచ్చు. కాబట్టి ఎవరైనా అకాడమీ వాళ్లు నీడ పట్టున పరిచి గంటకింత అని తీసుకుంటే, ఐస్‌కి వెళ్లే ముందు కొన్ని వారాలు పంపండి. సొంతానికి కొనడం మాత్రం వద్దు. అంత డబ్బే ఉంటే డెహ్రాడూన్ టికెట్ కొనుక్కోవచ్చు.

డెహ్రాడూన్ రింక్ 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం కట్టింది, ఏళ్ల తరబడి మూతపడి 2025లో మళ్లీ తెరిచారు. పూర్తి కొలత రింక్, 60 మీటర్ల పొడవు, కప్పు కింద ఉంటుంది కాబట్టి వేసవి సెలవులకీ పనికొస్తుంది. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా, అక్కణ్నుంచి మరో రైలు. లేహ్ అయితే ఆట వాతావరణం వేరే, అక్కడ జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే గడ్డకట్టిన చెరువుల మీద చిన్న పిల్లలు కూడా స్టిక్ పట్టుకుని కనిపిస్తారు, వాళ్లని చూస్తేనే మనవాళ్లకి సగం ఆట అర్థమవుతుంది. కానీ లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు, సముద్రమట్టం దగ్గర పెరిగిన మన పిల్లలకి మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, మొదటి రెండు మూడు రోజులు విశ్రాంతికే పోతాయి, పైగా అది సరిగ్గా స్కూల్లో పరీక్షల హడావిడి మొదలయ్యే టైము. మొదటిసారి ఐస్‌కి డెహ్రాడూనే మేలు. లేహ్ తర్వాత, ఆడటం వచ్చాక.

స్కేటింగ్ రాకుండా నేరుగా ఐస్ క్యాంపుకి పంపితే ఏమవుతుందో కూడా చెప్పాలి. క్యాంపులో సగం రోజులు గోడ పట్టుకుని నిలబడటానికే పోతాయి, అదే పని ఇక్కడ సిమెంటు రింక్‌లో చవగ్గా అయిపోయేది. ఐస్ మీద గంట చాలా ఖరీదైన గంట, దాన్ని ఐస్ మీద తప్ప ఇంకెక్కడా రాని వాటికే వాడాలి.

పక్ సంగతికొస్తే, స్కేటింగ్ నేర్పుతూనే చేతిలో స్టిక్ పెట్టేద్దామా, ముందు కాళ్లు కుదిరాక పెడదామా అని కోచ్‌ల మధ్యే గొడవ. పిల్లలకి స్టిక్ ఇస్తే ఉత్సాహం వస్తుందన్న మాట నిజమే. కానీ కాళ్లు కుదరని పిల్లాడి చేతిలో స్టిక్ మూడో కాలు అయిపోతుంది, దాని మీద వాలి నిలబడతాడు, పక్ కోసం తల దించుతాడు, తల దించగానే మోకాళ్లు తిన్నగా అయిపోతాయి. అందుకే నేను విడదీయమనే వైపు. స్కేట్ల మీద ఉన్నప్పుడు కాళ్ల పని, ఇంట్లో చెప్పుల్లేకుండా చేతుల పని, రోజూ ఒక పావుగంట. రెండూ విడివిడిగా ఆలోచించకుండా వచ్చేశాక కలపండి.

ఇంట్లో అన్నాను కదా అని నిజం పక్‌తో మొదలుపెట్టొద్దు. అది 3 అంగుళాల వెడల్పు, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల గట్టి రబ్బర్ బిళ్ల, సిమెంటు మీద జారదు, నిలువుగా లేచి దొర్లిపోతుంది. టైల్స్ మీద అయితే కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి తలుపు కొడతారు. మొదట మెత్తటి బంతి చాలు. తర్వాత సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ పలక ఒకటి కార్పెంటర్ దగ్గర మిగులు ముక్క అడిగి తెచ్చుకోండి, దాని మీద పక్ ముచ్చటగా జారుతుంది. ప్లాస్టిక్ ఐస్ పలకకి పెట్టే డబ్బులో ఇదెంత. అమెరికాలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి 4 ఔన్సుల నీలం రంగు పక్ ఇస్తారు, బరువు పక్‌తో చిన్న మణికట్టు బిగుసుకుపోతుందని. దొరికితే అదే మంచిది.

మన పిల్లలతో ఇంకో చిక్కు, అందరూ ముందు క్రికెటర్లే. పక్ రాగానే బ్యాట్ ఎత్తినట్టు స్టిక్ వెనక్కి లేపి బాదుతారు. ఇక్కడ స్టిక్‌ని నడిపేది పై చెయ్యి, కింది చెయ్యి వదులుగా పట్టుకుని జారుతూ ఉండాలి. కాసేపు పై చెయ్యి ఒక్కదానితోనే బంతిని అటూ ఇటూ తిప్పించండి, విసుక్కుంటారు గానీ తొందరగా దారికొస్తారు. మామూలు హాకీ నుంచి వచ్చిన పిల్లలైతే ఒకవైపే వాడే అలవాటుతో స్టిక్ తిప్పేస్తుంటారు, ఇక్కడ రెండు వైపులా వాడొచ్చని చెప్పాలి. పొడవు కూడా చూడండి: స్కేట్ల మీద నిలబడితే గడ్డం దాకా, ఒట్టి కాళ్లతో ముక్కు దాకా.

పెద్ద రింక్ లేదని బెంగ మాత్రం అక్కర్లేదు. అమెరికాలో 2009 నుంచి చిన్న పిల్లల్ని పూర్తి రింక్‌లో కాకుండా అడ్డంగా, చిన్న ముక్కలో ఆడించే పద్ధతి తెచ్చారు, చోటు తక్కువైతే ఒక్కో పిల్లాడికి పక్ ఎక్కువసార్లు తగులుతుందని. ఎడారి రాష్ట్రం అరిజోనాలో పెరిగిన ఆస్టన్ మాథ్యూస్ చిన్నప్పుడు చిన్న ఐస్ మీద ముగ్గురు ముగ్గురు ఆటలాడి వచ్చినవాడే, ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2016లో మొదటి పేరు అతనిదే. మన రోలర్ రింక్‌లో ఒక మూల నాలుగు కోన్లు పెట్టి ముగ్గురు ముగ్గుర్ని దింపితే అదే పని అవుతుంది, పక్కన స్పీడ్ పిల్లలు తిరుగుతుంటే కోచ్ ఒప్పుకోవాలి, అంతే.

డెహ్రాడూన్ వెళ్లినప్పుడు అద్దె స్కేట్లు తీసుకునేట్టయితే వేసుకునే ముందు బ్లేడు అంచు మీద మీ గోరు అడ్డంగా మెల్లగా గీసి చూడండి. గోరు మీద సన్నటి పొడి లేస్తే పర్వాలేదు. నున్నగా జారిపోతే ఆ జత వెనక్కిచ్చి గ్రైండింగ్ చేసింది అడగండి, మొహమాటపడకండి. మొద్దు బ్లేడు మీద ఆగడం నేర్చుకోవడం ఏ పిల్లాడి వల్లా కాదు, తప్పంతా తనదే అనుకుని మూడో రోజుకే ఇంటికెళ్లిపోదామంటాడు.