ఎల్డర్‌లైన్ 14567: మా పక్కింటి అవ్వ విషయంలో చూసిన సేవ

మా పక్కింటి అవ్వకు డెబ్బై ఆరేళ్లు. నలభై ఏళ్లకు పైగా బీడీలు చుట్టడంతో ఆమె బొటనవేళ్ల గీతలు పూర్తిగా అరిగిపోయాయి. పింఛను ఇచ్చే చోట యంత్రం మీద వేలిముద్ర పడక, వరుసగా నాలుగు నెలలు ఆమె ఉత్త చేతులతో ఇంటికి తిరిగివచ్చింది. ఆ 2,016 రూపాయలు ఆగిన తరువాత ఆమె నులక మంచం వసారాలోకి మారింది. కొన్నాళ్లకు కంచమూ అక్కడికే వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, కానీ పలకరించడం మానేశారు.

ఆ స్థితి చూడలేక నేను 14567కు ఫోన్ చేశాను. వృద్ధుల కోసం కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ నడిపే ఈ ఉచిత సహాయవాణికి పునాది పడింది మన హైదరాబాదులోనే. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఛారిటబుల్ ఫౌండేషన్ కలిసి తెలంగాణ ప్రభుత్వ సహకారంతో ఇక్కడ మొదలుపెట్టిన సేవ, 2021 నాటికి దేశమంతటికీ విస్తరించింది. వృద్ధులే చేయాలన్న నియమం లేదు, వారి తరఫున ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

ఫోన్ ఎత్తిన అమ్మాయి చక్కని తెలుగులో, అవ్వకు పూట గడుస్తోందా, ప్రాణభయం ఏమైనా ఉందా అని ముందుగా అడిగింది. ఆ తరువాత, "మీరు మాకు ఫోన్ చేస్తున్నట్టు అవ్వకు తెలుసా?" అంది. నేను తడబడ్డాను, ఎందుకంటే మేలు చేస్తున్నానన్న తొందరలో అవ్వను ఒక్క మాట అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. అవ్వతో స్వయంగా మాట్లాడి, ఆమె సరేనన్న తరువాతే వారు ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. ఈ సేవ మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

కొద్ది రోజులకు క్షేత్రస్థాయి అధికారి ఒకరు ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే వద్దని, మంచం పక్కన నేల మీదే కూర్చుని గంటసేపు అవ్వ చెప్పింది విన్నారు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చని, నెలకు 10,000 రూపాయల వరకు పోషణ భత్యం ఇప్పించే వీలుందని వివరించి, ఏం చేద్దామని ఆమెనే అడిగారు. "నాకు కేసు వద్దు బిడ్డా, పొద్దుగూకినంక నాతోని నాలుగు మాటలు మాట్లాడితె సాలు" అంది అవ్వ. ఆయన ఆ కాగితాలను తిరిగి సంచిలో పెట్టుకున్నారు.

తరువాత కోడలితో విడిగా మాట్లాడారు. ఇద్దరు పిల్లలను చూసుకుంటూ ఆమె కూడా పొద్దంతా బీడీలు చుడుతుంది. "నా కష్టం ఎవరడిగిన్రు సార్" అని ఆమె ఏడ్చింది. వేలిముద్ర పడనివారికి పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణతో పింఛను ఇచ్చే పద్ధతి ఉందని మాలో ఒక్కరికీ తెలియదు. ఆయనే వెంట వెళ్లి ఆ పని పూర్తి చేయించారు. మరుసటి నెల పింఛను చేతికొచ్చింది. మంచం ఇంకా వసారాలోనే ఉంది, కంచం మాత్రం లోపలికి వెళ్లింది. రాత్రి అన్నం అందరూ కలిసి తింటున్నారు.

ఈ సేవకు హద్దులు ఉన్నాయి. వచ్చే అధికారి నచ్చజెప్పగలరు, దారి చూపగలరు గాని ఆదేశించలేరు. కాబట్టి ఆస్తి రాయించుకుని వెళ్లగొట్టిన చోట, చేయి చేసుకున్న చోట ట్రిబ్యునలో పోలీసులో తప్పరు. వేళలు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే. రాత్రిపూట అత్యవసరమైతే 112 ఉంది, నిజమే. కానీ కన్నకొడుకు ఇంటి ముందు పోలీసు జీపు ఆగాలని ఏ తల్లీ కోరుకోదు. నిద్రపట్టని ముసలివారికి ఒంటరితనం ఎక్కువగా బాధించేది రాత్రిళ్లే కనుక వేళలు పొడిగించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

నెల తిరిగాక ఆ అధికారి మళ్లీ ఫోన్ చేసి బాగోగులు అడిగారు. ఈసారి ఫోన్ నా దగ్గరికి కాదు, నేరుగా అవ్వకే వచ్చింది.