ముత్యాలున్న వెండి నగలా? ‘డిప్’ సీసాలతో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో వెండి మెరుగు లిక్విడ్ కొనబోయేవాళ్లు ఇది చదివాక కొనండి. కంపెనీ పేరు రాయడం లేదు. ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టేలా సంగతి చెప్తాను.

సీసా మీద ‘హెర్బల్’, ‘ముత్యాలకు, రాళ్లకు సేఫ్’, ‘ముంచి తీస్తే చాలు’ అని పెద్దక్షరాలు. లోపల ఏం కలిపారో ఎక్కడా లేదు. తయారీదారు చిరునామా ఉండాల్సిన చోట ఊరి పేరొక్కటే. మూత తీస్తే కుళ్లిన గుడ్డు కంపు. ఏ మూలిక అలా కంపు కొడుతుందో మరి!

మా అత్తగారి నక్షీ బుట్టకమ్మలు 925 వెండివి (అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి), కింద ముత్యాల గుత్తులు. లేబుల్‌లో చెప్పినట్టే ముంచి, కడిగి, ఆరబెట్టాం. వెండి తెల్లగానే వచ్చింది, గొడవంతా అక్కడే. నెమలి ఈకల గీతల్లో పనివాడు కావాలని నిలిపిన నలుపు కూడా పోయింది. ఇప్పుడు నెమలి ఎక్కడుందో వెతుక్కోవాలి. ముత్యాలు మెరుపు చచ్చి సుద్దముక్కల్లా అయ్యాయి.

గాలిలోని గంధకపు వాయువులు తగిలి వెండి మీద ఏర్పడే సిల్వర్ సల్ఫైడే ఆ నల్లపొర. డిప్ ద్రావణాల్లో మామూలుగా ఉండే థయోయూరియా, యాసిడ్ దాన్ని కరిగించేస్తాయి. యాంటిక్ పనిలో నలుపు కూడా చాలావరకు అదే సల్ఫైడ్ కాబట్టి దాన్నీ వదలవు. ముత్యమేమో కాల్షియం కార్బొనేట్, అంటే గుడ్డుపెంకులో ఉండే సరుకే. అనుమానమొచ్చి ఓ పెంకు ముక్క మీద ఆ లిక్విడ్ చుక్కలు వేశాను. బుసబుసమని నురగ!

అమ్మినవాణ్ని అడిగితే సీల్ తీశాక వాపసు లేదన్నాడు. నేను పెట్టిన రివ్యూ మర్నాటికి మాయం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. సీసా పారేయకండి, బిల్లు, లేబుల్ ఫోటోలు కూడా ఉంచుకోండి, అక్కడ అవే అడుగుతారు.

ముత్యాలు, కెంపులు, కుందన్ ఉన్నవాటిని మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. సాదా పట్టీలకైతే గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం, ఆరాక వస్త్రగాళితం పట్టిన, అంటే పల్చటి గుడ్డలో జల్లించిన విభూతి. బజారు విభూతిలో ఒక్కోసారి ఇసుక తగులుతుంది, గీతలు పడతాయి. టూత్‌పేస్ట్‌తోనూ అదే తంటా. అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, వేడినీళ్ల చిట్కా బాగానే పనిచేస్తుంది గానీ యాంటిక్ నలుపున్న నగలకు అదీ వద్దు. దాచేటప్పుడు రబ్బరు బ్యాండ్లు చుట్టకండి, రబ్బరులో గంధకం ఉంటుంది.

ఇలాంటి సీసా ఇప్పటికే ఇంట్లో ఉంటే పసిపిల్లల ఉగ్గుగిన్నెకు, వెండి గ్లాసులకు మాత్రం అస్సలు వాడకండి.