మొగలి సీసాకు నంబరు: చిన్న లేబుల్ ప్రింటర్‌తో పది నెలలు

శ్రీకాకుళంలోని మా ఇంట్లో, అమ్మకానికి కాకుండా కేవలం ఇష్టం కొద్దీ, నేను అత్తర్లు కలుపుతుంటాను. అమ్మ బట్టల పెట్టెలో పట్టుచీరల మడతల మధ్య మొగలిరేకులు పెట్టేది. ఆ పెట్టె మూత తీసినప్పుడు వచ్చే వాసనను సీసాలోకి తెచ్చుకోవాలన్న కోరికతోనే ఈ పని మొదలైంది. మా జిల్లా చివర ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలోని గంజాం జిల్లా వస్తుంది. అక్కడి మొగలి పువ్వుకూ, దాని నుంచి తీసే రూహ్‌కూ, అంటే వేరే నూనె కలపని చిక్కటి సుగంధ తైలానికీ, భౌగోళిక గుర్తింపు ఉంది. వానాకాలంలో కోసిన మగపూలను రాగి పాత్రల్లో నీటితో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి సుగంధాన్ని పట్టుకుంటారు. ముడిసరుకు ఇంత దగ్గరలో దొరుకుతుంది కనుక కలిపే పని నాకు ఏనాడూ కష్టం కాలేదు. ఏ సీసాలో ఏమి కలిపానో గుర్తుంచుకోవడమే కష్టమైంది. అందుకోసం కొన్న ఒక చిన్న లేబుల్ ప్రింటర్ గురించి, దానిని పది నెలలు వాడిన తరువాత, ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట్లో సీసాలకు పేర్లు పెట్టేవాడిని. ‘వాన మొగలి’, ‘పెట్టె వాసన’, ‘అక్క కోసం’ అని తెల్ల కాగితం ముక్కల మీద పెన్నుతో రాసి అంటించేవాడిని. ‘వాన మొగలి’ని నాలుగుసార్లు నాలుగు పాళ్లలో కలిపాక ఆ పేరు ఏ సీసాదో తేల్చుకోలేకపోయాను. పైగా నూనె తగిలిన చోట పెన్ను సిరా అలుక్కుపోయి, కాగితం పారదర్శకంగా మారి, అక్షరాలు మాయమయ్యేవి. సీసాలు ముప్పై దాటిన రోజున, ఇక చేతిరాతతో కాదని ఈ ప్రింటర్ తెప్పించుకున్నాను.

ఇది అరచేతిలో ఇమిడే యంత్రం. బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు కలుస్తుంది, సిరా అక్కర లేదు, చిన్న తలం వేడెక్కి ప్రత్యేకమైన పూత ఉన్న కాగితం మీద అక్షరాలను నలుపుగా మారుస్తుంది. బస్సు టికెట్లూ, దుకాణాల బిల్లులూ ముద్రించే పద్ధతి ఇదే. నాకు యంత్రం 1,300 రూపాయలు, అదనపు కాగితపు చుట్ట 150 రూపాయలు పడ్డాయి. ఒకసారి చార్జ్ చేస్తే నా వాడకానికి నెల రోజులకు పైగా వస్తోంది. ఫోన్‌లోని యాప్ మొదటిసారి లొకేషన్ అనుమతి అడిగినప్పుడు నాకు అనుమానం కలిగింది కానీ, కొంచెం పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ పరికరాలను వెతకడానికే ఆ అనుమతి అవసరమని తరువాత తెలిసింది. ముద్రణ అయ్యాక దానిని తీసివేస్తే సరిపోతుంది.

తెలుగు అక్షరాల ముద్రణ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మకపు పేజీల్లోని బొమ్మలన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే ఉంటాయి. ఈ యంత్రం సాంద్రత 203 డీపీఐ, అనగా మిల్లీమీటరుకు 8 చుక్కలు. 12 మిల్లీమీటర్ల ఎత్తున్న చీటీలో మొత్తం 96 చుక్కలే ఉంటాయి. ఇందులో మూడు వరుసలు రాయాలనుకుంటే వరుసకు 32 చుక్కలు మిగులుతాయి. ఇంగ్లీషు అక్షరాలకు అవి చాలు. తెలుగులో పైన గుడి, కింద వత్తు, మధ్యలో అక్షరం అన్నీ ఆ 32 చుక్కల్లోనే సర్దుకోవాలి కనుక ‘మొగలి’ స్పష్టంగా వస్తుంది, ‘అత్తరు’లోని తవత్తు చిన్న మరకలా మిగులుతుంది, ‘మిశ్రమం’ అయితే భూతద్దం పెట్టి చదువుకోవలసి వస్తుంది. రెండు వరుసలకు పరిమితమై, మందపాటి అక్షరాలకు బదులు సన్నని ఫాంటును ఎంచుకున్నాక ఇబ్బంది చాలావరకు తీరింది. చీటీ మీద అన్నీ రాయాలన్న ఆశ వదులుకోవడం వల్లే అది సాధ్యమైంది.

అసలు లోపం మూడో నెలలో బయటపడింది. చీటీలకు నూనె తగలకుండా ఉండాలని వాటి మీద పారదర్శకమైన టేపు అతికించాను. జాగ్రత్త అనుకొని చేసిన ఆ పనే కొంప ముంచింది. టేపు జిగురులోని పదార్థాలు ఈ రకం పూతను నెమ్మదిగా తినేస్తాయన్న సంగతి నాకు తెలియదు. ఒక ఆదివారం ఉదయం అక్క ఇంటికి వచ్చి, సంక్రాంతికి ఇచ్చిన సీసా అయిపోయిందని, అదే మళ్లీ కావాలని అడిగింది. ఆమె తెచ్చిన ఖాళీ సీసా మీది చీటీని వెలుతురు వైపు పెట్టి చూశాను. టేపు అంచు దాటి బయట ఉన్న కొద్దిపాటి మేరలో ‘25-’ అన్న గుర్తు ముదురు నలుపుతో నిలిచి ఉంది, టేపు కింద ఉన్నదంతా లేత పసుపు రంగు నీడ అయిపోయింది. “నీ పుస్తకంలో ఉంటుంది కదరా, చూసి చెప్పు” అంది అక్క. పుస్తకంలో నిజంగానే ఉంది. కానీ అది 14వ నంబరో, 16వ నంబరో, 19వ నంబరో చెప్పవలసిన చీటీ తెల్లబోయింది. ఆ రోజు మూడింటినీ కొద్దికొద్దిగా మళ్లీ కలిపి, ఆమె ముక్కునే సాక్ష్యంగా పెట్టుకోవలసి వచ్చింది.

ఆ తరువాత చిన్న పరీక్ష చేశాను. కాగితపు చీటీ, అదే యంత్రంలో పట్టే ప్లాస్టిక్ పొర చీటీ రెండింటినీ గాజు పలక మీద వరుసగా అంటించి, ఒక్కో దాని మీద కొబ్బరి నూనె, మొగలి అత్తరు, నిమ్మతొక్క నూనె ఒక్కొక్క చుక్క వేసి వారం రోజులు వదిలేశాను. కాగితపు చీటీలు మూడూ పాడయ్యాయి. ప్లాస్టిక్ పొర మీద కొబ్బరి నూనె చుక్కను గుడ్డతో తుడిస్తే అక్షరాలు యథాతథంగా ఉన్నాయి, మొగలి చుక్క కింద కొంచెం లేతబడ్డాయి, నిమ్మ నూనె కింద మాత్రం బూడిద రంగుకు తిరిగాయి. నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లో అధికభాగం లిమోనీన్ ఉంటుంది, అది గ్రీజును కూడా కరిగించగల ద్రావకం కనుక ఆశ్చర్యపడనవసరం లేదు. ప్లాస్టిక్ పొర చుట్ట ఖరీదు కాగితానికి దాదాపు రెట్టింపు. అయినా ఈ పనికి అదే కొనాలి; కాగితపు చుట్టను పప్పుల డబ్బాలకు వాడుకోవచ్చు.

చీటీ అంటించే పద్ధతి కూడా యంత్రమంత ముఖ్యమని నా అనుభవం. 10 మిల్లీలీటర్ల సీసా నడుము సన్నం, దాని చుట్టూ అడ్డంగా అంటించిన చీటీ కొసలు రెండు మూడు రోజుల్లో పైకి లేస్తాయి. అదే చీటీని సీసా పొడవునా నిలువుగా అంటిస్తే వంపు తక్కువ పడి కదలకుండా ఉంటుంది. అంటించే ముందు గాజును స్పిరిట్ దూదితో తుడిచి ఆరనివ్వాలి, ఎందుకంటే మన తీరప్రాంతపు ఉక్కలో చేతి చెమట తగిలిన గాజు మీద ఏ జిగురూ సరిగా పట్టదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్స్ దుకాణంలో స్టిక్కర్ కాగితం మీద లేజర్ ముద్రణ కూడా చేయించి చూశాను. లేజర్ పొడి అక్షరాలు వెలుతురుకు వెలవవు, తెలుగు వత్తులు కూడా ముత్యాల్లా వచ్చాయి. అయితే ఒక్క సీసా కోసం ఏ4 కాగితమంతా ముద్రించుకోవాలి, కలిపిన రోజునే నంబరు వేయడం కుదరదు. రాత్రి తొమ్మిదింటికి కలిపిన సీసాకు రాత్రి తొమ్మిదింటికే గుర్తు ఉండాలి. ఈ ఒక్క కారణంతోనే చిన్న ప్రింటర్ నా బల్ల మీద ఉంది.

ఇప్పుడు చీటీ మీద సంవత్సరం, వరుస సంఖ్య, సవరణ సంఖ్య, కలిపిన తేదీ మాత్రమే ఉంటాయి. మిగిలినదంతా గట్టి అట్ట వేసిన గీతల పుస్తకంలో పెన్సిల్‌తో రాస్తాను. పెన్సిల్ గీతలు నూనెకు గాని స్పిరిట్‌కు గాని కరగవు. ఉదాహరణకు 25-14-2 ఇలా ఉంది: మొగలి అత్తరు 0.62 గ్రాములు, కన్నౌజ్ మట్టి అత్తరు 0.40, వట్టివేరు నూనె పది శాతం ద్రావణం 0.30, గడ్డకట్టని రకం కొబ్బరి నూనె 6.68, మొత్తం 8 గ్రాములు. వట్టివేరు నూనెను నేరుగా తూచితే 0.03 గ్రాములే వేయాలి. గ్రాములో నూరో వంతు వరకు చూపే నా కాటాకు అది నమ్మదగిన తూకం కాదు కనుక, ఒక గ్రాము నూనెను తొమ్మిది గ్రాముల కొబ్బరి నూనెలో కలిపి పెట్టుకొని, దానిలోంచి పది రెట్లు తూచుకుంటాను. చుక్కల లెక్క నేను పూర్తిగా మానేశాను. చిక్కని నూనె చుక్క వేరు, పల్చని నూనె చుక్క వేరు, డ్రాపర్ మారితే రెండూ వేరు. చవక కాటాలు సున్నా దగ్గర నెమ్మదిగా పడే చుక్కలను గాలి కదలికగా భావించి మళ్లీ సున్నాకే తిరిగి వస్తుంటాయి. అందువల్ల ప్రతి పదార్థం తరువాత సీసాను ఎత్తి, తిరిగి పెట్టి, అంకె చూసి రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. మామూలు కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే పేరుకుంటుంది కాబట్టి, మా ఇంట్లో ధనుర్మాసపు ఉదయాల్లో అది డ్రాపర్‌లోకి ఎక్కదు.

నిమ్మజాతి నూనె వేసిన సీసాలకు మాత్రం రెండో చీటీ అంటిస్తాను. దాని మీద ‘ఎండ’ అన్న ఒక్క మాట, నూనె సీసా మూత తొలిసారి తెరిచిన తేదీ ఉంటాయి. తొక్కను పిండి తీసిన నిమ్మ నూనె చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు రావచ్చు. గాలి తగిలి పాతబడిన నూనె దురదలు పుట్టించవచ్చు. ఇతరులకు ఇచ్చే సీసా మీద అందంగా ఉండే పేరు లేకపోయినా ఈ మాట లేకుండా ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ పెద్ద ఒక్క మాటను ముద్రించడంలో యంత్రం ఏ లోపమూ చేయలేదు.

యాప్ గురించి ఒక ఫిర్యాదు మిగిలింది. నేను తయారు చేసుకున్న చీటీ నమూనాలు ఫోన్ మార్చినప్పుడు కొత్త ఫోన్‌లోకి రాలేదు, కంపెనీకి రాసిన లేఖకు జవాబూ రాలేదు. పాళ్ల వివరాలు యాప్‌లోనే దాచుకొని ఉంటే పది నెలల పని పోయేదే. యాప్‌ను ముద్రణకే వాడండి, లెక్కను పుస్తకంలో ఉంచండి.

పదిహేను ఇరవై సీసాల లోపు ఉన్నవారికి ఈ యంత్రం అవసరం లేదు. మందుల దుకాణంలో దొరికే కాగితపు ప్లాస్టర్ ముక్క మీద పెన్సిల్‌తో నంబరు రాస్తే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ కలిపేవారు, తలనూనెలు, సబ్బులు, ఊరగాయలు విడతలుగా చేసేవారు కూడా, ప్లాస్టిక్ పొర చుట్టతో కలిపి దీనిని నిస్సంకోచంగా కొనుక్కోవచ్చు. అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి, టేపు గురించి పెట్టె మీద ఒక్క వాక్యమైనా హెచ్చరిక లేనందుకు. అక్క చివరికి 16ను ఎంచుకుంది. ఆ సీసాకు 25-16-2 అని కొత్త చీటీ వేసి, అదే నంబరును పెన్సిల్‌తో ప్లాస్టర్ ముక్క మీద కూడా రాసి సీసా అడుగున అంటించి ఇచ్చాను.