పింక్ సఫైర్: మార్కులు ఎక్కడ, కోత ఎక్కడ

నీలం అంటేనే నీలి రంగు, మరి గులాబీ నీలం ఏమిటని అడిగేవాళ్ళున్నారు. కెంపు, నీలం, కనక పుష్యరాగం మూడూ ఒకటే కురువిందం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. అందులో కాస్త క్రోమియం కలిస్తే గులాబీ, బాగా కలిస్తే కెంపు. ఎక్కడ గులాబీ ఆగి కెంపు మొదలవుతుందో ల్యాబులకే ఒక్క మాట లేదు. ముదురు గులాబీకి కెంపు పేరు పెడితే ధర పెరుగుతుంది కాబట్టి, ఆ పేరు ల్యాబు రిపోర్టులో ఉందో లేదో చూసుకోవాలి.

రోజూ పెట్టుకునే ఉంగరానికి మాత్రం పూర్తి మార్కులే. కాఠిన్యాన్ని చెప్పే మోస్ కొలతలో 9. సహజ రత్నాల్లో దీని పైన వజ్రం ఒక్కటే. ఇదే రంగులో దొరికే కుంజైట్ దెబ్బ తగిలితే చీలుతుంది, ఎండకు వెలిసిపోతుంది కూడా.

గుర్తుపట్టడానికి రిఫ్రాక్టోమీటర్ (రాయిలో కాంతి ఎంత వంగుతుందో చూపే పరికరం) ఉంటే పని సులువు: 1.762 నుంచి 1.770 మధ్య రెండు రీడింగులు రావాలి. ఇలాంటి రంగులోనే దొరికే వేరే రాళ్ళలో స్పినెల్‌కు 1.718 దగ్గర ఒక్కటే వస్తుంది, టూర్మలిన్ 1.62–1.64 దగ్గరే ఆగిపోతుంది. ఆ పరికరం లేకపోతే, విడిరాయికి సన్నటి త్రాసు చాలు. గాలిలో 2.00 క్యారెట్లున్న రాయిని దారంతో నీళ్ళలో వేలాడదీసి తూస్తే 1.50 చూపాలి. తగ్గిన 0.50తో 2.00ను భాగిస్తే 4.00, అదే కురువిందం సాంద్రత. స్పినెల్ అయితే 1.44, టూర్మలిన్ అయితే 1.35 దగ్గర ఆగుతుంది. రాయికి ఒక్క గాలిబుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. నీళ్ళలో చుక్క సబ్బు వేస్తే బుడగలు నిలవవు. అర క్యారెట్ రాయికైతే ఈ లెక్క నమ్మొద్దు, 0.01 తేడాకే సాంద్రత 3.7కో 4.3కో జరిగిపోతుంది.

అసలు చిక్కు ఫ్యాక్టరీ రాయితో. 1902లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నాయ్ వెల్లడించిన పద్ధతిలో చేసిన రాయి కూడా కురువిందమే కాబట్టి పై అంకెలన్నీ పాసవుతుంది. పది రెట్లు చూపే లూప్‌తో లోపల వెతకాలి: వంపు తిరిగిన గీతలు, గుండ్రటి బుడగలు కనిపిస్తే ఫ్యాక్టరీది. సహజ రాయిలో గీతలు తిన్నగా సాగి కోణాల్లో మలుపు తిరుగుతాయి, పట్టుపోగుల్లాంటి సన్నటి సూదులు ఉండొచ్చు. గులాబీ రాయిలో వంపు గీతలు అంత తేలిగ్గా దొరకవు. కడిగిన అద్దంలా తేటగా ఉన్న పెద్ద రాయి చవగ్గా వస్తుంటే ల్యాబుకు పంపాల్సిందే.

మార్కులు ఎక్కువగా పోయేది శుద్ధి దగ్గర. ఊదా ఛాయ పోగొట్టడానికి వేడి చేయడం మామూలే. చెప్పి అమ్మితే తప్పు లేదు, కాకపోతే వేడి తగలని మంచి రాయి ధర వేరు. బెరీలియం అనే మూలకం ఎక్కించి గులాబీని నారింజ కలిసిన గులాబీ (పద్‌పరాద్‌ష) ఛాయకు మార్చిన రాళ్ళు 2001 ప్రాంతం నుంచి బజారులో ఉన్నాయి. అది లూప్‌కు అందే పని కాదు. సీసపు గాజు నింపిన రాయి జోలికి అసలు పోవద్దు. రాయిని అటూ ఇటూ తిప్పితే పగుళ్ళలో నీలి మెరుపు కనిపిస్తుంది. నిమ్మరసం తగిలినా ఆ గాజు పాడవుతుంది.

రంగును షాపు దీపాల కింద తేల్చొద్దు. ఆ పసుపు వెలుతురులో గులాబీ ఇంకాస్త ఎర్రబడుతుంది. కిటికీ పక్కన నీడలో చూస్తే దాగిన ఊదా బయటపడుతుంది. తర్వాత రాయిని అచ్చు కాగితం మీద పెట్టండి. నడిమధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే సాన పల్చగా పట్టారని అర్థం, మెరుపు ఉండదు. అడుగు మరీ లోతుగా ఉన్నా నష్టమే. 6 మిల్లీమీటర్ల గుండ్రటి రాయి ఒక క్యారెట్ చుట్టుపక్కల తూగాలి, 1.4 తూగితే ఎవరికీ కనపడని పొట్టకు డబ్బు కడుతున్నట్టు.

ఉంగరం ముళ్ళు అతికించాల్సి వస్తే రాయిని ముందే తీయించండి. వెలిగారం పూసి మంట పెడితే, 9 కాఠిన్యం ఉన్న ఈ రాయి పైపొర కూడా తినేసినట్టు గరుకుబారుతుంది; మళ్ళీ సాన పట్టి సరిచేయాలంటే బరువు తగ్గుతుంది.